పాత మిలటరీ ట్రైలర్‌ను క్యాంపింగ్‌కు సిద్ధం చేసుకున్న 288 రోజులు: నా అనుభవం

ఫిబ్రవరి 3న ట్రైలర్ ఇంటికొచ్చింది. నవంబరు 18న మొదటిసారి దాని మీద టెంటు విప్పి పడుకున్నాను. మధ్యలో 288 రోజులు. మొదట్లో అందరికీ "రెండు నెలల్లో అయిపోతుంది" అని చెప్పాను. ఆ మాట నమ్మి మా తమ్ముడు ఏప్రిల్‌లో సెలవు కూడా పెట్టుకున్నాడు. ఈ పనికి దిగాలనుకునేవాళ్ళకు రోజులు ఎక్కడ పోతాయో, డబ్బు ఎక్కడ పోతుందో తెలియాలని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ధరలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి ట్రైలర్‌కు ఇచ్చిన సొమ్మును ఒక వంతు అనుకుని లెక్క చెబుతాను. మొత్తం మీద ట్రైలర్ కాక ఇంకో నాలుగు వంతులు ఖర్చయింది.

నాది ఎం416. అమెరికా సైన్యం 1960ల నుంచి ఎం151 జీపుల వెనక లాగిన పావు టన్ను ట్రైలర్. ఒకే ఇరుసు, రెండు చక్రాలు, తలుపు లేని ఇనప తొట్టి. అడుగున నీళ్ళు వదలడానికి బిరడాలు ఉంటాయి. అవి మూసేస్తే తొట్టి పడవలా నీటి మీద తేలుతుంది. నేను దీని మీద మనసు పడటానికి కారణం ఆ తొట్టే. బురదలో, రాళ్ళలో లాగడానికి పుట్టిన వస్తువు కాబట్టి చేయాల్సింది తుప్పు దులిపి రంగు వేయడమే అనుకున్నాను.

చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక అయస్కాంతం, చిన్న సుత్తి పట్టుకెళ్ళాను. అయస్కాంతం అంటుకోని చోట పుట్టీ పెట్టి కప్పేశారని అర్థం. అలాంటి చోట్లు రెండు దొరికాయి, ధర కాస్త తగ్గింది. టైర్లు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి, గాడులు నిండుగా ఉన్నాయి. ఇంటికి తెచ్చాక పక్కనున్న అంకెలు చూశాను. టైరు పక్క గోడ మీద డీఓటీ (డాట్) అని మొదలయ్యే కోడ్ చివర ఉండే అంకెలు టైరు తయారైన వారాన్ని, ఏడాదిని చెబుతాయి. 2000 నుంచి ఆ అంకెలు నాలుగు. నా టైర్ల మీద మూడే ఉన్నాయి. అంటే అవి పోయిన శతాబ్దంవి. అదృష్టం కొద్దీ ట్రైలర్‌ను లాక్కురాకుండా లారీ మీద వేసి తెచ్చాం. స్టెప్నీతో కలిపి మూడు చక్రాలకు, టైర్లకు 0.6 వంతు అయింది. చక్రానికి ఐదు బోల్టులు, వాటి వలయం ఐదున్నర అంగుళాలు. పాత జీపులకు, సుజుకి జిమ్నీకి ఇదే కొలత. అందుకని లాగే బండికీ ట్రైలర్‌కూ ఒకే స్టెప్నీ సరిపోయేలా చూసుకున్నాను.

ఫిబ్రవరి 11 రాత్రి పెద్ద వాన. పొద్దున లేచి చూస్తే తొట్టిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. బిరడాలు తుప్పుకు బిగుసుకుపోయి కదల్లేదు. ఆరడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు తొట్టిలో రెండంగుళాల నీళ్ళు నిలిస్తే వంద లీటర్లు. మగ్గుతో తోడి పోశాను. రెండు బిరడాలూ విప్పడానికి నూనె పోసి, వేడిచేసి, మళ్ళీ నూనె పోసి నాలుగు రోజులు ఓపిక పట్టాల్సి వచ్చింది. ఇలాంటిది కొంటే మొదటి రోజే బిరడాలు తీసి పక్కన పెట్టండి.

ఆ తర్వాత చక్రాలు. కుడి చక్రం నట్లు గట్టిగానే ఉన్నా ఊడొచ్చాయి. ఎడమ చక్రం దగ్గర పైపు తగిలించి నేను, తమ్ముడు ఇద్దరం బలం పెట్టాం. ఠంగుమని ఒక స్టడ్, అంటే నట్టు ఎక్కే మర కడ్డీ, విరిగింది. మరోదాని మీద పడ్డాం, అదీ విరిగింది. అప్పుడు తమ్ముడు స్టడ్ కొన మీద మట్టి గీకి, "అక్కా, ఇక్కడ ఎల్ అని ఉంది చూడు" అన్నాడు. ఎడమ పక్క ఎదురు మర. మామూలు నట్లు ఊడదీసే వైపు తిప్పుతూ మేం వాటిని ఇంకా బిగించాం. మిగతా మూడూ ఎదురు వైపు తిప్పితే ఐదు నిమిషాల్లో వచ్చేశాయి. ఎదురు మర స్టడ్‌లు దొరకడానికి మూడు వారాలు పట్టింది. కొత్తవి రెండు పక్కలా మామూలు మరవే పెట్టించుకోవచ్చని ఒకరు చెప్పారు. నేను పాతదే ఉంచి, ఎడమ చక్రం కప్పు లోపల బాణం గుర్తు గీశాను. దారిలో రాత్రిపూట టైరు మార్చేది నేనే కాకపోవచ్చు కదా.

మార్చి నెలంతా హబ్‌ల దగ్గరే, అంటే బేరింగులు కూర్చునే చక్రం నడిమి భాగాల దగ్గరే గడిచింది. తక్కిన పనుల్లో ఎక్కడ రాజీ పడినా ఇక్కడ మాత్రం పడొద్దు. మూత తీయగానే పాత గ్రీజు మైనంలా గట్టిపడి, బెల్లం రంగులో, స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులుగా ఊడింది. కిరసనాయిలుతో కడిగి ఎండలో పెట్టి చూస్తే బేరింగ్ రోలర్ల మీద సన్నటి గుంటలు కనిపించాయి. వేలి గోరు తగిలేంత. చేత్తో తిప్పినప్పుడు చక్రం బాగానే తిరిగింది. అలాగే రోడ్డెక్కితే ఎక్కడో బేరింగ్ వేడెక్కి ముక్కలయ్యేది. ఒక్కో చక్రానికి లోపల ఒకటి, బయట ఒకటి, మొత్తం నాలుగు బేరింగులు. వాటి నంబర్లు వాటి మీదే చెక్కి ఉంటాయి కాబట్టి రెండు రోజుల్లో దొరికాయి. గ్రీజు సీల్‌కు మాత్రం ఐదు వారాలు ఆగాను. ట్రైలర్ పేరు చెప్పి అడిగినంతకాలం ఎవరి దగ్గరా లేదు. చివరికి పాత సీల్ పట్టుకెళ్ళి లోపలి కొలత, బయటి కొలత, మందం చెబితే బేరింగుల దుకాణంలో అరగంటలో ఇచ్చారు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే నెల కలిసొచ్చేది.

హబ్‌లో బిగించే రేసులను, అంటే బేరింగ్ రోలర్లు తిరిగే ఇనప వలయాలను, రాత్రంతా ఫ్రిజ్ పైఅరలో, ఐసుగడ్డలు పెట్టేచోట ఉంచాను. మధ్యాహ్నం హబ్ ఎండకు బాగా కాలాక రేసులు తెచ్చి పెడితే నాలుగు దెబ్బలకు కూర్చున్నాయి. గ్రీజు అరచేతిలో వేసుకుని బేరింగ్ అంచును దానిలోకి నొక్కుతూ, అవతలి పక్క రోలర్ల మధ్య నుంచి గ్రీజు పురుగుల్లా బయటికి వచ్చేదాకా నింపాలి. నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతూనే ఉండాలి. తిరగడం బరువయ్యాక నట్టు కొంచెం వెనక్కి వదిలి, లాక్ వాషర్ చెవి వంచాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లొడలొడ ఉండకూడదు, తిప్పితే బరువుండకూడదు. నేను ఆరుసార్లు విప్పి బిగించాను. ఆరోసారి చక్రం చేతి తోపుకే చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. ఆ సాయంత్రం ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఇదంతా కలిపి 0.2 వంతే.

ఏప్రిల్‌లో తుప్పు పని మొదలుపెట్టాను. పాత మిలటరీ రంగుల్లో సీసం, ప్రైమర్లలో క్రోమేట్ ఉండే అవకాశం ఉంది. పొడిగా గ్రైండర్ పెడితే ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకే. సన్నటి దుమ్మును కూడా ఆపే పీ100 ఫిల్టర్ ఉన్న మాస్కు వేసుకుని, నీళ్ళు చల్లుతూ, నీటి ఎమెరీ కాగితంతో రుద్దాను. గీకిన రంగును సంచిలో కట్టి విడిగా పారేశాను. పదకొండు రోజులు చేస్తే తొట్టిలో పావు వంతు కూడా కాలేదు. భుజం పట్టేసింది.

అయితే ఆ పదకొండు రోజుల్లోనే ఒకటి కనిపించింది. ఆకుపచ్చ కింద ఇసుక రంగు, దాని కింద మళ్ళీ ముదురు ఆకుపచ్చ. ఆ అడుగు పొరలో, తొట్టి లోపలి గోడ మీద, మేకుతో గీసిన నిలువు గీతలున్నాయి. నాలుగు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి. అలా ఐదేసి కట్టలు ఎనిమిది, పైన మూడు. మొత్తం 43. ఎవరో దేన్నో లెక్కపెట్టుకున్నారు. రోజులే కావచ్చు, మోసిన పెట్టెలే కావచ్చు. ఎమెరీ కాగితం పక్కన పెట్టి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అప్పటిదాకా అది నేను కొన్న ఇనప సామాను. ఆ రోజు నుంచి అలా అనిపించలేదు.

చేత్తో అయ్యే పని కాదని తేలాక ఇసుక బ్లాస్టింగ్‌కు, అంటే తుపాకీలాంటి గొట్టంతో ఇసుక చిమ్మి తుప్పు, రంగు ఊడగొట్టే పనికి ఇచ్చాను. గీతలున్న చోట రబ్బరు షీటు అతికించి, "ఇక్కడ తుపాకీ పెట్టొద్దు" అని రాసి మరీ ఇచ్చాను. పదహారు రోజులు ఆగాల్సి వచ్చింది, 0.35 వంతు అయింది. ట్రైలర్ తిరిగొచ్చినప్పుడు గీతలు భద్రంగా ఉన్నాయి. తొట్టి అడుగు మాత్రం జల్లెడలా ఉంది. వెలుతురుకు ఎత్తి చూసి సుద్దముక్కతో గుర్తులు పెడితే 47 చిల్లులు. అవి బ్లాస్టింగ్ వల్ల పడ్డవి కావు. తుప్పే అక్కడ రేకులా నిలబడి ఉంది, ఇసుక దాన్ని దులిపేసింది. అడుగున బలానికి వేసిన పట్టీల మధ్య ఏళ్ళ తరబడి మట్టి ఇరుక్కుని తడి పట్టుకుంటుంది. కొనేముందు సుత్తితో కొట్టి చూడాల్సింది అక్కడే. నేను పక్క గోడలు కొట్టి చూసి వచ్చాను. ఇంకొక మాట: బ్లాస్టింగ్ అయిన ఇనుము ఒక్క రాత్రి తేమకే నారింజ రంగుకు తిరుగుతుంది. ప్రైమర్ డబ్బాలు ముందే తెచ్చుకుని, అదే రోజు సాయంత్రం లోపల ఎపాక్సీ ప్రైమర్ కొట్టేశాను.

మేలో వెల్డింగ్. వెల్డర్ పెద్దాయన, లారీ బాడీలు కట్టీ కట్టీ చేతులు కాయలు కాసినవాడు. చిల్లులు ఒక్కొక్కటీ పూడ్చడం కన్నా పాడైన భాగం కోసేసి కొత్త రేకు వేస్తేనే నిలుస్తుందన్నాడు. అలాగే చేశాం. వెళ్ళేముందు, "అమ్మా, రంగు ఆఖర్న. ఇంకా ఏమేం అతికించాలో అన్నీ తెచ్చి ముందు పెట్టు" అన్నాడు. అన్నీ అయిపోయాయని చెప్పాను. అయిపోయాయనే నమ్మాను. మే 20న రంగు వేశాను. సైన్యం వాడిన ఆలివ్ ఆకుపచ్చల్లో కాస్త మెరుపున్న రకం, అమెరికా ప్రభుత్వ రంగుల పట్టికలో దాని నంబరు ఎఫ్ఎస్ 24087. ఎండలో ఆరుతున్న ట్రైలర్‌ను ఫొటోలు తీసి అందరికీ పంపాను.

జూన్ మొదటి వారంలో మూత కోసం కబ్జాలు, జెర్రీ క్యాన్ స్టాండ్, బ్యాటరీ పెట్టె, టెంటు ఫ్రేముకు కాళ్ళు, ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. మళ్ళీ పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన ఏమీ అనలేదు, కళ్ళద్దాలు పెట్టుకుని పని మొదలుపెట్టాడు. బయట ఒక అంగుళం అతికిస్తే లోపలి గోడ మీద అరచేతంత మేర రంగు కాలి పొంగింది. పద్నాలుగు చోట్ల. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది. వారం పాటు షెడ్డు తలుపు తీయలేదు. మళ్ళీ గీకి, ప్రైమర్ కొట్టి, రంగు వేయడానికి 0.15 వంతు, ఇరవై రోజులు. వెల్డింగ్, రంగులు మొత్తం కలిపి 0.7. గీతలున్న చోట మాత్రం రెండుసార్లూ రంగు వేయలేదు, పారదర్శకంగా ఉండే క్లియర్ కోటు ఒకటి కొట్టి వదిలేశాను.

రిజిస్ట్రేషన్ కాగితాల కోసం ఏడు వారాలు. వివరం చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అమ్మినవారి రసీదు, ఖాళీ బరువు తూచిన చీటీ, ట్రైలర్ తయారీ నంబరు పలక ఫొటో అడిగారు. నంబరు పలక మీది అంకెలు బ్లాస్టింగ్‌కు ముందే ఫొటో తీసి ఉంచడం నన్ను కాపాడింది. మీరు కూడా పని మొదలుపెట్టకముందే తీసుకోండి.

ఆగస్టు వైరింగ్‌కు. మిలటరీ ట్రైలర్‌కు ఉండేది 24 వోల్టులు, 12 పిన్నుల ప్లగ్గు. నా బండి 12 వోల్టులు. పాత వైరు చేతిలోనే పొడిపొడిగా రాలిపోవడంతో మొత్తం తీసేసి కొత్తది లాగాను, ఎల్ఈడీ దీపాలు పెట్టాను. అన్నీ బిగించి ఎడమ ఇండికేటర్ వేస్తే బ్రేకు దీపం మిణుకుమంది. మూడు సాయంత్రాలు తల బద్దలు కొట్టుకున్నాను. తప్పు ఎర్త్‌లో ఉంది. రెండుసార్లు ఒత్తుగా వేసిన రంగు మీద ఎర్త్ బోల్టు బిగించాను, కరెంటు వెళ్ళే దారి లేక పక్క దీపంలోంచి తిరిగి వస్తోంది. బోల్టు కింద రంగు గీకి, కొక్కెం మీద ఆధారపడకుండా ప్లగ్గు దాకా విడిగా ఎర్త్ వైరు లాగాక అంతా సరిగ్గా వెలిగింది. ఎల్ఈడీలు పెట్టాక ఇండికేటర్ గబగబా కొట్టుకుంటే కంగారు పడకండి, దాన్ని మిణుకుమనిపించే ఫ్లాషర్ రిలే మారిస్తే సరిపోతుంది.

సెప్టెంబరులో కొక్కెం. ట్రైలర్ ముందు కొసన లావాటి ఇనప కడియం ఉంటుంది, అది బండి వెనక ఉండే పింటిల్ హుక్ అనే కొక్కెంలో పడుతుంది. ఎగుడుదిగుళ్ళలో ట్రైలర్ ఎటు ఒరిగినా పట్టేయదు. అయితే ప్రతి గతుకుకూ ఠంగు ఠంగుమంటుంది. చాలామంది దాన్ని కోసేసి వేరే కప్లింగ్ పెడతారు. నేను కడియమే ఉంచాను, హుక్ మాత్రం కొత్తది, 0.3 వంతు. చప్పుడుకు రెండు రోజుల్లో అలవాటు పడ్డాను. అలవాటు కానిది మరొకటి: తొట్టిని ఆ కడియానికి కలిపే డ్రాబార్ పొట్టిది కావడంతో ట్రైలర్ తగిలించాక బండి వెనక తలుపు సగం కూడా తెరుచుకోదు. వెనక సీటు దగ్గర పెట్టాల్సిన సామాను ముందే పెట్టుకోవాలి. రివర్స్ చేసేటప్పుడు కూడా పొట్టి ట్రైలర్ క్షణంలో మడత పడిపోతుంది. స్టీరింగ్ అడుగు భాగాన చెయ్యి పెట్టి, చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ వెనక భాగం అటు వెళ్తుందని గుర్తుపెట్టుకుంటే చాలు. ఖాళీ మైదానంలో రెండు ఆదివారాలు అదే నేర్చుకున్నాను.

అక్టోబరులో మూత, ఫ్రేము, టెంటు పెట్టాక బరువు లెక్క నన్ను బాగా భయపెట్టింది. ఈ ట్రైలర్ దారి లేని చోట మోయగల సరుకు 500 పౌండ్లు, అంటే 227 కిలోలే. ఖాళీగా 260 కిలోలు తూగింది కాబట్టి మొత్తం 490 లోపల ఉండాలి. మూత, ఫ్రేము, కబ్జాలు 62. టెంటు 55. నలభై లీటర్ల నీళ్ళు 40. నిండు పెట్రోలు క్యాన్ 20. బ్యాటరీ 28. ఇక మిగిలింది 25 కిలోలు. వంట పెట్టే 18 ఉంది! పరుపులు, కుర్చీలు, పనిముట్లు ఇంకా ఎక్కనే లేదు. పావు టన్ను అంటే ఎంతో అనుకున్నాను, సుఖానికి పెట్టుకున్నవే దాన్ని తినేశాయి. లెడ్ బ్యాటరీ తీసి 12 కిలోల లిథియం పెట్టాను, నీళ్ళు సగం చేశాను, పనిముట్లు బండిలోకి మార్చాను. తొట్టికి వెనక తలుపు కోయించమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. కోస్తే తొట్టి బలమూ పోతుంది, నీళ్ళు చొరకుండా ఉండే గుణమూ పోతుంది. నేను ఒప్పుకోలేదు. పైనుంచి వంగి తీసుకోవడం కష్టమే, పడుతున్నాను.

నవంబరు 4న దగ్గరి రోడ్డు మీద పరీక్షించాను. గంటకు 70 కిలోమీటర్లు దాటగానే వెనక ట్రైలర్ తోకలా ఊగడం మొదలైంది. గుండె నోట్లోకి వచ్చింది. బ్రేకు మీద కాలు పడకుండా ఆపుకుని, మెల్లగా వేగం తగ్గించి పక్కకు ఆపాను. ఇంటికొచ్చి మనుషులు తూగే మిషను మీద కడియం ఆనించి చూస్తే ముందు బరువు 25 కిలోలే. మొత్తంలో పదో వంతు నుంచి ఆరో, ఏడో వంతు దాకా ముందుకు పడాలి. నీళ్ళ ట్యాంకు ఇరుసు మీదికి, వంట పెట్టె ముందు గోడకు జరిపితే 55 వచ్చింది. ఆ తర్వాత ఊగలేదు.

నవంబరు 18 పొద్దున బయల్దేరాం. పదిహేను కిలోమీటర్లకు ఒకసారి ఆపి హబ్‌ల మీద చెయ్యి పెట్టాను, గోరువెచ్చగా ఉన్నాయి. మధ్యాహ్నం ఒక వాగు అడ్డొచ్చింది. చెప్పులు వదిలి నడిచి చూస్తే మధ్యలో తొడలోతు, నీళ్ళు కాళ్ళను పక్కకు నెడుతున్నాయి. తమ్ముడు, "అక్కా, ఇది తేలే ట్రైలరే కదా" అన్నాడు. తేలుతుంది కాబట్టే వద్దన్నాను. తొట్టి నాలుగంగుళాలు మునిగితే చాలు, 200 కిలోల బరువు నీళ్ళే ఎత్తేస్తాయి. నేల మీద పట్టు సగం పోయిన ట్రైలర్‌ను వాగు పక్కకు ఈడిస్తే వెనకే బండి. బిరడాలు తీసి నీళ్ళు లోపలికి రానిస్తే కొంత నిలబడుతుంది, సామానంతా తడుస్తుంది. వెనక్కి తిప్పుకుని వేరే దారిలో వెళ్ళాం. రెండు గంటలు ఎక్కువ పట్టింది.

చీకటి పడ్డాక టెంటు విప్పాం. తొట్టిలోంచి పొయ్యి తీస్తుంటే తలదీపం వెలుతురు గోడ మీది గీతలపై పడింది. తమ్ముడు వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. "నలభై మూడే అక్కా" అన్నాడు, నేను తప్పు లెక్కపెట్టి ఉంటాననుకున్నట్టు.

ఇంటికొచ్చిన మర్నాడు కమాన్లకు, అంటే ఇరుసు మీది పట్టీ స్ప్రింగులకు, బిగించిన యూ బోల్టుల నట్లన్నీ మళ్ళీ చూశాను. ఏడు నట్లు పావు చుట్టు చొప్పున తిరిగాయి. ఎడమ పక్క వెనకది నిండుగా ఒక చుట్టు తిరిగింది. నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకున్నాను, వచ్చే ఆదివారం దాన్ని మళ్ళీ చూడాలి.